ఆదిమానవుడు, క్రూరమృగాలు: ఎముకలు చెప్పే సంగతులు

తవ్వకాల్లో దొరికిన ఎముకల మీద గుర్తులు చూసి, అవి రాతి పనిముట్టు గాట్లా, జంతువు పళ్ల గాట్లా అని తేల్చడం నా పని. స్కూళ్లకు మాట్లాడటానికి వెళ్లినా, పెళ్లిళ్లలో చుట్టాలు కలిసినా నన్ను అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: ఆదిమానవులు డైనోసార్లతో పోరాడారు.

లేదు. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లయింది. మన హోమో ప్రజాతి పుట్టి 30 లక్షల ఏళ్లు కూడా కాలేదు.

అపోహ: మనిషి మొదటి నుంచీ వేటగాడే.

చాలాకాలం మనవాళ్లు ఆహారమే అయ్యారు. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో పారంత్రోపస్ (మనకు దూరపు చుట్టమైన, అంతరించిపోయిన ఆదిమ జాతి) పిల్ల పుర్రె ముక్క ఒకటి దొరికింది. వయసు పది లక్షల ఏళ్ల పైమాటే. దాని వెనక భాగంలో పక్కపక్కనే రెండు గుండ్రటి రంధ్రాలున్నాయి. సాటివాడు ఆయుధంతో పొడిచాడని కొందరు వాదించారు. బాబ్ బ్రెయిన్ అనే శాస్త్రవేత్త అదే గుహలో దొరికిన చిరుత కింది దవడను తెచ్చి, కోరపళ్లను ఆ రంధ్రాల దగ్గర పెట్టి చూశాడు. సరిగ్గా కుదిరాయి. చిరుత ఆ పిల్లను తల పట్టుకుని ఈడ్చుకెళ్లిందన్నమాట. ఎన్నిసార్లు ఆ ఫొటో చూసినా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

అపోహ: సింహం నోట చిక్కితే ఇక అంతే.

నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే. ఎముక మీద గాయం ఉంటే నేను ముందు దాని అంచు చూస్తాను. గాయంతోనే మనిషి చనిపోతే అంచు పగిలిన కుండపెంకులా పదునుగా ఉంటుంది. కొన్ని వారాలు, నెలలు బతికితే కొత్త ఎముక పెరిగి, కరిగి గట్టిపడిన మైనంలా ఆ అంచు నున్నగా మారుతుంది.

బల్గేరియాలోని కొజరేవా మొగిలా దగ్గర 6 వేల ఏళ్ల కిందటి యువకుడి అస్థిపంజరం దొరికింది. అతని పుర్రె మీద గుర్తులు సింహం కాట్లని 2025లో పరిశోధకులు తేల్చారు. ఆ గాయాలు మానాయి! చేతికీ కాళ్లకూ కూడా దెబ్బలున్నాయి. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో అలాంటి మనిషికి నీళ్లు అందించి, తిండి పెట్టి, పుండ్లు కడిగినవాళ్లు ఎవరో ఉండే ఉంటారు. ఎముక వాళ్ల పేర్లు చెప్పదు.

అపోహ: వాళ్లు సింహాన్ని ఎదురుగా నిలబడి చంపేవాళ్లు.

జర్మనీలోని జీగ్స్‌డోర్ఫ్‌లో దొరికిన గుహసింహం 48 వేల ఏళ్ల నాటిది. దాని పక్కటెముక లోపలివైపు ఒక నొక్కు ఉంది. కడుపులోంచి దూసుకెళ్లిన కర్ర ఈటె మొన చేసిన గుర్తది. ఆ కోణాన్ని బట్టి, సింహం పడుకుని ఉన్నప్పుడు నియాండర్తల్ (మనకు దగ్గరి చుట్టమైన, అంతరించిపోయిన మానవ జాతి) మనిషి పొడిచి ఉంటాడని 2023లో పరిశోధకులు చెప్పారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఇంట్లో పిల్లలున్నవాడు అనవసరంగా సింహానికి ఎదురెళ్తాడా?

అపోహ: ఇదంతా ఆఫ్రికా, యూరప్‌ల కథ.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త తవ్వించాడు. అక్కడ ఖడ్గమృగం, దుమ్ములగొండి ఎముకలు బయటపడ్డాయి. ఆ ఖడ్గమృగానికి శాస్త్రీయ నామంలో కర్నూలు పేరే పెట్టారు! ఆ ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో సుమారు 17 వేల ఏళ్ల నాటి పొయ్యి ఆనవాలు దొరికింది.

ఈ గుహల్లో ఎప్పుడైనా విరిగిన ఎముక కనిపిస్తే మనిషి పని అని వెంటనే అనుకోకండి. భూతద్దం పెట్టి చూడండి. రాతి గాటు సన్నగా, లోతుగా ఉండి, లోపల వెంట్రుకల్లాంటి గీతలుంటాయి. పంటి గాటు వెడల్పుగా, అడుగు నున్నగా ఉంటుంది. చూశాక ఎముకను ఉన్నచోటే ఉంచి, పురావస్తు శాఖకు కబురు చేయండి.