ఆడపిల్లలకు ప్రోగ్రామింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: లెక్కల్లో వెనకబడిన అమ్మాయికి కోడింగ్ రాదు.

వాస్తవం: మొదట్లో కావలసింది కూడికలు, హెచ్చవేతలు, వరస తప్పకుండా ఆలోచించే ఓపిక. ముగ్గులు పెట్టే పిల్లకు ఆ ఓపిక ఉన్నట్టే. "7 చుక్కలు, 4 వరకు సందు చుక్క" అంటే చాలు, మధ్యలో 7, అటూ ఇటూ 6, 5, 4 తనే పెట్టేస్తుంది. ప్రోగ్రామింగ్‌లో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ అంటే ఇదే: నియమం ఒకటి, ఎక్కడ ఆపాలో ఒకటి.

అందుకే స్క్రాచ్‌లో (ఆదేశాల బ్లాకులు పేర్చి, తెర మీది పిల్లి బొమ్మను నడిపించే ప్రోగ్రామింగ్ సాధనం) మొదటి పాఠం బొమ్మ గీయడంతో మొదలుపెట్టండి. కింద ఎడమ మూలన ఉన్న బటన్ నొక్కి 'పెన్' తెచ్చుకోవాలి. 'ఇరేజ్ ఆల్', 'పెన్ డౌన్', 'రిపీట్ 4', దాని లోపల 'మూవ్ 100', 'టర్న్ 90' పెడితే చతురస్రం వస్తుంది. ఇప్పుడు త్రిభుజం అడగండి. చాలామంది 'రిపీట్ 3', 'టర్న్ 60' పెడతారు, సమబాహు త్రిభుజంలో కోణం 60 అని బడిలో చదివారు కదా. బొమ్మ మూసుకోదు, సగం షడ్భుజి దగ్గర ఆగిపోతుంది. పిల్లి తిరగాల్సింది బయటి కోణం, అంటే 180లోంచి 60 తీసేయగా మిగిలిన 120. జవాబు మీరు చెప్పేయకండి. నేల మీద సుద్దతో త్రిభుజం గీసి, దాని మీద నడిచి, మూల దగ్గర తను ఎంత తిరిగిందో చూసుకోమనండి.

అపోహ: ఇంగ్లిష్ బాగా వస్తేనే కోడ్ రాయగలరు.

వాస్తవం: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు సొంతమైన మాటలు 35. మొదలుపెట్టడానికి పదీ పన్నెండు చాలు. పైథాన్ 3లో వేరియబుల్‌కు, అంటే విలువను దాచుకునే చోటుకు, 'వయసు' అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. అసలు బెదరగొట్టేది కోడ్ తప్పితే తెర మీద వచ్చే ఎర్రర్ మెసేజ్. దాన్ని చివరి లైను నుంచి చదవడం నేర్పండి: ఏం తప్పో అక్కడ ఉంటుంది, ఏ లైనులోనో దాని పైన ఉంటుంది. మెసేజ్ రాని తప్పులూ ఉంటాయి. 12, 5 టైప్ చేసి కలిపితే 17కు బదులు 125 వచ్చిందంటే, టైప్ చేసింది తీసుకునే 'ఇన్‌పుట్' ఆదేశం ఇచ్చింది సంఖ్య కాదు, అక్షరాల వరస. ముందు 'ఇంట్'తో సంఖ్యగా మార్చాలి.

అపోహ: ఇది మగపిల్లల పని.

వాస్తవం: 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కు కేబుళ్లు గుచ్చి, స్విచ్‌లు తిప్పి ప్రోగ్రాములు అమర్చింది ఆరుగురు ఆడవాళ్లు.

అపోహ: ల్యాబ్‌లో అందరినీ కూర్చోబెడితే అందరూ నేర్చుకుంటారు.

వాస్తవం: మౌస్ పట్టుకున్నవాళ్లే నేర్చుకుంటారు. ఒక కంప్యూటర్‌కు ఇద్దరుంటే ఒకరు చెప్పాలి, ఒకరు టైప్ చేయాలి. 10 నిమిషాలకోసారి చోట్లు మార్చండి. కోడ్ ఆగిపోయినప్పుడు టీచరైనా, నాన్నైనా, అన్నయ్యైనా కీబోర్డు లాక్కోకూడదు. లైను మీద వేలు పెట్టి, "ఇది ఏం చేస్తుందో చదివి చెప్పమ్మా" అని అడగండి.