షేడ్ కార్డులో బూడిద, గోడ మీద నీలం

మొన్న మళ్లీ అదే ఫోన్. "మేడమ్, షాపువాళ్లు రంగు మార్చి ఇచ్చారండీ. నాలుగు రోజుల్లో గృహప్రవేశం." ఆవిడ గొంతు వణుకుతోంది. వెళ్లి చూస్తే డబ్బా మీద కోడ్ కరెక్టే. గోడకి వేసిందీ వాళ్లు ఏరుకున్న లేత బూడిదే. హాలు మాత్రం నీలంగా ఉంది.

అపోహ: షేడ్ కార్డులో చూసిన రంగే గోడ మీదకి వస్తుంది.

వాస్తవం: డబ్బాలో అదే వస్తుంది, కంటికి మాత్రం అలా కనబడదు. రెండోసారి పెయింటు, రెండోసారి కూలీ చాలామందికి ఈ నమ్మకం వల్లే తగులుతాయి. కార్డు మీద రంగు బొటనవేలంత, చుట్టూ తెల్ల కాగితం, పైన షాపు లైట్లు. ఇంట్లో నాలుగు గోడలూ తమ రంగుని ఒకదాని మీదకొకటి విసురుకుంటాయి, అందుకే చిక్కబడినట్టు ఉంటుంది. ఆ హాల్లో నాలుగు టేకు తలుపులు. టేకులో నారింజ ఛాయ ఉంటుంది. పక్కన బూడిద ఉంటే మన కన్ను దాన్ని నారింజకి ఎదురు రంగైన నీలం వైపు లాగుతుంది. పైగా సీలింగ్ నిండా 6500 కెల్విన్ (వెలుతురు ఛాయని చెప్పే కొలత) బల్బులు, అసలే నీలం పాలు ఎక్కువున్న వెలుతురు.

షాపువాళ్లని తిట్టడం కొత్తేం కాదు. దాదాపు రెండొందల ఏళ్ల కిందట పారిస్‌లో గోబ్లాఁ అనే నేత కార్ఖానాలో అద్దకాలు చూసుకునే షెవ్రుల్‌కి నల్లరంగు వెలిసినట్టుందని ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షించి చూస్తే అద్దకం భేషుగ్గా ఉంది. పక్కన నేసిన నీలం, ఊదా దారాలే నలుపుని అలా చూపిస్తున్నాయి. దీని మీద 1839లో ఏకంగా పుస్తకం రాశాడు.

ఆవిడకి మళ్లీ పెయింటు వద్దన్నాను. బల్బులు పసుపు వెలుతురిచ్చే 3000 కెల్విన్‌వి పెట్టించాం. సాయంత్రం స్విచ్ వేయగానే "ఇదేనండీ మేం అనుకున్నది" అన్నారు. పగటిపూట తలుపుల పక్కన కాస్త నీలం ఇప్పటికీ ఉంది, అది దాచను.

రంగు కొనేముందు చిన్న శాంపిల్ డబ్బా తెచ్చుకోండి. పెద్ద డ్రాయింగ్ చార్ట్‌కి రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాక తలుపు పక్కన, టైల్స్ దగ్గర, సోఫా వెనక పెట్టి చూడండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మీ లైట్ల కిందే చూడాలి. పాత రంగు మీద నేరుగా శాంపిల్ రంగు వేసి చూస్తే ఆ పాత రంగే మోసం చేస్తుంది.

ఇక మిగతా అపోహలు. చిన్న గదికి ముదురు రంగు పనికిరాదా? బాగానే పనికొస్తుంది, లైట్లు మాత్రం పెంచాలి. తెలుపు సేఫా? తెలుపులోనూ పసుపు, గులాబీ, నీలం ఛాయలున్నాయి. గదిలో ప్రధాన రంగు 60 శాతం, రెండోది 30, మూడోది 10 ఉండాలనే 60-30-10 లెక్క తప్పనిసరా? అది ఓ అందాజా, చట్టం కాదు. ఎర్ర గోడ ఉంటే ఇంట్లో గొడవలా? గోడ రంగు గురించి భార్యాభర్తలు పోట్లాడుకోవడం చూశాను గానీ, రంగు పోట్లాట పెట్టడం చూడలేదు.

నేనేమీ అతీతురాలిని కాను. పని మొదలుపెట్టిన కొత్తలో మా పడగ్గదికి ఫోన్లో చూసి లేత పసుపు వేయించాను. కిటికీ బయట గుబురుగా వేపచెట్టు ఉందన్న సంగతే పట్టించుకోలేదు. ఆకుల మీంచి వచ్చే వెలుతురుకి గోడలన్నీ అదోలా ఆకుపచ్చ కలిసిన పసుపులోకి తిరిగాయి. మా అమ్మ గుమ్మంలోనే ఆగి, "గదికి కామెర్లు వచ్చాయేంటే?" అంది. మర్నాడే మేస్త్రీని పిలిచాను. బీరువా జరపడానికి ఆయన ఒప్పుకోలేదు. దాని వెనక ఆ పసుపు ఇంకా అలాగే ఉంది.