బోరు లోతు మైనస్ 211 కోట్ల అడుగులు

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా డిప్లొమా పిల్లల్ని అడగండి, సీ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలో లూపుల దాకా బాగానే ఉందంటారు. పాయింటర్లు రాగానే టెన్షన్ మొదలు. అర్రేలు ఒక పాఠం, పాయింటర్లు ఇంకో పాఠం, స్ట్రక్చర్లు ఎక్కడో చివర్లో. ఒకే సంగతిని ఇలా మూడు ముక్కలు చేసి చెప్పడమే అసలు తంటా అని నాకనిపిస్తుంది.

మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల గోస అందరికీ తెలిసిందే. అక్కడి బోర్ల వివరాలు రాసిపెట్టాలనుకుందాం. ఊరి పేరుకు 18 బైట్ల అర్రే (బైటంటే మెమరీలో ఒక చిన్న గడి, అర్రే అంటే ఒకే రకం గడుల వరుస), లోతు ఎన్ని అడుగులో చెప్పే పూర్ణాంకం, లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో చెప్పే దశాంశ సంఖ్య. (వేరే దిక్కు లేనిచోట కూడా ఇది 1.5 దాటకూడదని మన దేశ ప్రమాణం.) ఈ మూడింటినీ కలిపి కట్టిన మూటే స్ట్రక్చర్. లోతుకు 4, ఫ్లోరైడ్‌కు 4 బైట్లు కలిపితే మొత్తం 26 కావాలి. సైజెంతని అడిగితే మామూలు కంప్యూటర్లలో 28 అని వస్తుంది. 4 బైట్ల సంఖ్య 4తో భాగం పోయే అడ్రసులోనే (మెమరీలో చోటు నంబరులోనే) మొదలవ్వాలి కాబట్టి, పేరు తర్వాత కంపైలర్ (మన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది) 2 బైట్లు ఖాళీగా వదిలేస్తుంది.

ఇలాంటి వంద మూటలు వరుసగా పేరిస్తే అది అర్రే. అందులో ఒకదాని అడ్రసు పట్టుకున్నది పాయింటర్. పాయింటర్ అంటే ఇంటి నంబరు లాంటిదని చెప్తుంటారు గానీ అది సగమే నిజం. బోరు పాయింటర్‌కు 1 కలిపితే అడ్రసు 1 పెరగదు, 28 పెరుగుతుంది. ఎక్కడున్నానన్నదే కాదు, ఒక్కో అడుగు ఎంత వెయ్యాలన్నదీ దాని టైపులోనే ఉంటుంది. బోరు[3] అని రాస్తే కంపైలర్ దాన్ని *(బోరు + 3), అంటే ఆ అడ్రసులో ఉన్నది, అనే చదువుకుంటుంది. కూడికలో ముందువెనకల పట్టింపు లేదు కనుక 3[బోరు] అని రాసినా కిమ్మనదు!

అర్రే పేరు వాడగానే అడ్రసుగా ఎందుకు మారిపోతుంది? దీనికి కారణం స్ట్రక్చరే. సీకి ముందున్న బీ భాషలో అర్రే పేరంటే మొదటి గడి అడ్రసు దాచుకున్న ఒక విడి గడి. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సీని తయారుచేస్తున్నప్పుడు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఫైలు పేర్ల పట్టిక అడ్డం పడింది. అందులో ఒక్కో వరుసకు 2 బైట్ల నంబరు, 14 బైట్ల పేరు, అంతే. డిస్కు మీద ఉన్నది ఉన్నట్టు స్ట్రక్చర్‌గా రాయాలంటే ఆ అడ్రసు గడికి చోటేదీ? అందుకని రిచీ ఆ గడినే తీసేశాడు. అర్రే అంటే దాని గడులే. పేరు ఎత్తినప్పుడు మాత్రం అడ్రసు అప్పటికప్పుడు పుడుతుంది. 1973లో యూనిక్స్ కెర్నెల్‌ను (దాని గుండెకాయ లాంటి భాగాన్ని) ఈ సీలోనే తిరగరాశారు.

అర్రే పేరు ఇలా అడ్రసుగా మారడంతో ఒక నష్టం కూడా వచ్చింది. ఫంక్షన్‌కు (ఒక పని చేసిపెట్టే ప్రోగ్రాము ముక్కకు) అర్రేను ఇస్తే అడ్రసొక్కటే వెళ్తుంది, పొడవు వెళ్లదు.

మన బోరుకు లోతు, ఫ్లోరైడ్ ముందే నింపి, పేరు గడిలోకి తెలుగులో "మునుగోడు" అని కాపీ చేద్దాం. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు. అచ్చులకు వచ్చే గుణింతం గుర్తులు కూడా లెక్కలోకే వస్తాయి కాబట్టి 8 గుర్తులు, 24 బైట్లు. పేరు ముగిసిందని చెప్పే చివరి సున్నా బైటుతో 25. ఇచ్చిన చోటు 18. కాపీ చేసే ఫంక్షన్‌కు ఆ 18 తెలియదు కాబట్టి, కంపైలర్ కాపలా పెట్టకపోతే కాపీ ఆగదు. ఖాళీగా వదిలిన 2 బైట్లూ దాటి లోతు మీదికి ఎక్కేస్తుంది. "డ"లో చివరి బైటు, కొమ్ములోని మూడు బైట్లు కలిసి లోతు గడిలో కూర్చుంటాయి. ఇప్పుడు లోతు అచ్చు వేస్తే మన మామూలు కంప్యూటర్లలో వచ్చేది −2119049055. అంటే మైనస్ 211 కోట్ల పైమాటే! మిగిలిన ఆ సున్నా ఫ్లోరైడ్ మొదటి బైటు మీద పడుతుంది. అక్కడ విలువ 2.5 అయితే ఆ బైటు ముందే సున్నా, కాబట్టి ఏమీ మారదు. ఒకటి చెడి ఒకటి బాగుంటే తప్పెక్కడుందో పట్టుకోవడం ఇంకా కష్టం.

18 దాటొద్దని కొలత చెప్పి కాపీ చేయిస్తే 17 బైట్ల దగ్గర కోత పడుతుంది. "మునుగ" దాకా వచ్చి, ఓత్వం మధ్యలో తెగి, తెర మీద పిచ్చి గుర్తేదో కనబడుతుంది. పేరుకు 64 బైట్లు ఇస్తే 21 తెలుగు గుర్తులు పడతాయి. అప్పుడు స్ట్రక్చర్ 72 బైట్లవుతుంది, పాయింటర్ అడుగూ 72 అవుతుంది. బోర్లన్నీ తిరిగొచ్చే లూపులో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.