శవపేటిక కొనుక్కుని రాసిన విజ్ఞాపన

చిరంజీవులకు ఆశీస్సులు.

చైనాలో ప్రభుత్వాన్ని మార్చే ఓటు జనానికి లేదు కదా, మరి వాళ్లు ఎందుకు ఊరుకుంటారు అని అడిగారు. భయంతో అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. భయం ఉన్న మాట నిజమే. అంతటితో ఆగిపోతే మాత్రం ఆ దేశం మీకు అర్థం కాదు.

సుమారు మూడు వేల ఏళ్ల క్రితం జౌ వంశం వారు షాంగ్ రాజును కూలదోశారు. ఆ హక్కు తమకు ఎక్కడిదో జనానికి చెప్పుకోవాలి కదా. రాజ్యాధికారం పైలోకం ఇచ్చిన ఆదేశమనీ, రాజు ప్రజలను పీడిస్తే అది చేజారి ఇంకొకరికి దక్కుతుందనీ చెప్పారు. తర్వాత వచ్చిన మెన్షియస్ అనే తత్త్వవేత్త అయితే ప్రజలే అన్నిటికన్నా ముఖ్యమనీ, రాజు స్థానం ఆఖరిదనీ తేల్చేశాడు. 1368లో మింగ్ వంశాన్ని స్థాపించినవాడు నిరుపేద రైతు కొడుకు, ఒకప్పుడు బిచ్చమెత్తి బతికినవాడు. గెలిచాడు గనుక ఆదేశం ఆయనదే అన్నారు. అంటే అక్కడ తరతరాలుగా అడిగిన ప్రశ్న ‘నిన్ను ఎవరు ఎన్నుకున్నారు’ అని కాదు, ‘బాగా పాలిస్తున్నావా’ అని.

నేటి కమ్యూనిస్టు పార్టీ పైలోకం మాట ఎత్తదు. అయినా తన పాలన వల్ల కలిగిన మేలునే తన హక్కుకు రుజువుగా చూపిస్తుంది. 1978 తర్వాత నలభై ఏళ్లలో దాదాపు 80 కోట్ల మంది కటిక పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క. ఆ ఇళ్లలో పుట్టి పెరిగినవారు ప్రభుత్వాన్ని మనస్ఫూర్తిగా నమ్మితే అందులో వింతేమీ లేదు.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. పాలన గాడి తప్పుతోందని పైవాడికి ఎవరు చెప్పాలి? ధృతరాష్ట్రుడికి విదురుడు చెప్పినట్టు, చైనాలో ఆ బాధ్యత అధికారులది. వారిలో అందరూ తలచుకునే పేరు హై రుయ్. మింగ్ చక్రవర్తి జియాజింగ్ ఇరవై ఏళ్లకు పైగా కొలువు తీర్చకుండా, చావు లేకుండా చేసే మందుల కోసం పూజలు చేయిస్తూ కూర్చున్నాడు. 1566లో హై రుయ్ ఆ తప్పులన్నీ ఏకరువు పెడుతూ ఆయనకే విజ్ఞాపన పంపాడు. చక్రవర్తి మండిపడి, వాడు పారిపోకుండా పట్టుకోండని కేక వేశాడు. పక్కనున్న సేవకుడు, ఈయన పారిపోయే మనిషి కాదు ప్రభూ, ముందే శవపేటిక కొనుక్కుని భార్యాపిల్లల దగ్గర సెలవు తీసుకున్నాడు అన్నాడట. హై రుయ్‌ని చెరసాలలో వేశారు. కొన్ని నెలలకు చక్రవర్తి చనిపోయాడు. ఆ కబురు వినగానే హై రుయ్ తిన్నదంతా కక్కుకుని, స్పృహ తప్పేంతగా ఏడ్చాడు. తనను చంపించాలనుకున్న ప్రభువు కోసం! ఆయన తిరుగుబాటుదారు కాదు పిల్లలూ. ప్రభువు బాగుపడాలనే నిలదీశాడు.

1959 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు పార్టీ అధినేత మావో స్వయంగా, హై రుయ్‌లాగా ధైర్యంగా మాట్లాడమని పార్టీవారికి చెప్పాడు. ఆ జూలైలో లుషాన్ కొండల మీద జరిగిన సమావేశంలో రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ ఆ పనే చేశాడు. అంతకుముందు సొంత ప్రాంతానికి వెళ్లి పల్లెల పరిస్థితి కళ్లారా చూసి వచ్చినవాడు. పంట లెక్కలు ఉబ్బించి రాస్తున్నారనీ, దేశాన్ని ఒక్కసారిగా ముందుకు నెట్టాలని మావో చేపట్టిన ‘మహా ముందడుగు’ కార్యక్రమంలో తొందరపాటు ఎక్కువైందనీ మావోకు వ్యక్తిగతంగా ఉత్తరం రాశాడు. మావో దాన్ని అచ్చు వేయించి సమావేశంలో అందరికీ పంచాడు. పెంగ్ పదవి పోయింది. ఇక నిజం చెప్పే సాహసం ఎవరికి ఉంటుంది? కింది అధికారులు లేని ధాన్యాన్ని కాగితాల మీద చూపించారు, ప్రభుత్వం ఆ లెక్క ప్రకారం పల్లెల నుంచి ధాన్యం తీసుకుపోయింది. దాంతో ముదిరిన కరువులో కనీసం కోటిన్నర మంది చనిపోయారు. మూడు కోట్లకు పైనే అన్న చరిత్రకారులూ ఉన్నారు.

హై రుయ్ మీద నాటకం రాసిన చరిత్రకారుడు వూ హాన్‌నూ వదల్లేదు. అందులోని హై రుయ్ పెంగేనన్నారు. 1965లో ఆ నాటకం మీద మొదలైన దాడే, పార్టీవారినీ మేధావులనూ వేటాడిన సాంస్కృతిక విప్లవానికి నాంది. వూ హాన్ 1969లో జైల్లో పోయాడు, పెంగ్ 1974లో నిర్బంధంలోనే పోయాడు. పెంగ్ నిర్దోషి అని పార్టీ 1978లో ప్రకటించింది.

పాలించే హక్కు పాలన బాగుండటం మీదే నిలబడినప్పుడు, బాగాలేదన్న కబురే ఆ హక్కు మీద దెబ్బలా తోస్తుంది. అందుకే చెప్పినవాడు శత్రువైపోతాడు. 1989 ఏప్రిల్‌లో బీజింగ్‌లో సంస్కరణలు కోరుతూ ఉద్యమిస్తున్న విద్యార్థుల్లో ముగ్గురు ప్రజా మహాసభ భవనం మెట్ల మీద మోకరిల్లి, వినతిపత్రాన్ని తల మీదికెత్తి పట్టుకున్నారు. ప్రధాని బయటకు రాలేదు. జూన్‌లో ఆ ఉద్యమం మీదికి సైన్యం వచ్చింది, కాల్పులు జరిపింది.

2020 జనవరి 3న వుహాన్ పోలీసులు లీ వెన్‌లియాంగ్ అనే కంటి వైద్యుణ్ణి పిలిపించారు. కొత్త వ్యాధి గురించి తోటి వైద్యులను హెచ్చరించడమే ఆయన చేసిన నేరం. వారిచ్చిన కాగితం మీద రెండు ప్రశ్నలున్నాయి. మానుకోగలవా? ‘గలను’ అని రాశాడు. అర్థమైందా? ‘అర్థమైంది’ అని రాసి, ఎర్రసిరాతో వేలిముద్రలు వేశాడు. ఆ వ్యాధితోనే ఫిబ్రవరి 7న చనిపోయాడు. మార్చిలో పోలీసులు ఆ కాగితాన్ని ఉపసంహరించుకుని కుటుంబానికి క్షమాపణ చెప్పారు, ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆయనను అమరవీరుడంది.

ఎందుకు ఊరుకుంటారు అన్నారు కదా, ఊరుకోనివాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. వాళ్లను కాపాడే దిక్కే లేకపోయింది.

మీ అమ్మమ్మ