చిప్ చిన్నదే, చుక్క రక్తం మాత్రం చాలదు: అపోహలు - వాస్తవాలు

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను పట్టే చిప్‌ల మీద పనిచేస్తాను. పెళ్లిళ్లలో కూడా ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్నలివి.

అపోహ: చిప్ అరచేతిలో ఇమిడిపోతుంది, కాబట్టి వేలి నుంచి ఒక చుక్క తీస్తే చాలు.

వాస్తవం: చాలదు. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు 500 కోట్ల ఎర్ర కణాలు, 40 లక్షలకు పైగా తెల్ల కణాలు ఉంటాయి. జబ్బు ఒంట్లో పాకినవాళ్లలో కూడా వాటి మధ్య దొరికే క్యాన్సర్ కణాలు చాలాసార్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన సెల్‌సెర్చ్ పరీక్షకు 7.5 మిల్లీలీటర్లు తీసుకుంటారు. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో, అందులో 5 కణాలు లేదా అంతకు మించి కనిపిస్తే ప్రమాదం ఎక్కువని లెక్క. 7.5 మిల్లీలీటర్లంటే దాదాపు 150 చుక్కలు. ఐదు కణాలూ ఐదు చుక్కల్లో ఉన్నాయనుకుందాం, మిగతా 145 చుక్కల్లో ఏమీ ఉండదు. మీరిచ్చిన చుక్క ఆ 145లోదే అయ్యే అవకాశం ఎక్కువ.

అపోహ: రక్తంలో దొరికిన క్యాన్సర్ కణాల కౌంట్ సున్నా వస్తే క్యాన్సర్ లేనట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ఇదే. చాలా చిప్‌లకు, క్యాన్సర్ కణాల పైన ఉండే ఎప్‌క్యామ్ అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీల పూత వేస్తాం. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి బృందం 2007లో ప్రకటించిన చిప్‌లో 78,000 సూక్ష్మ స్తంభాలకు ఈ పూతే ఉంది. రక్తం వాటి మధ్య నెమ్మదిగా పారుతుంటే క్యాన్సర్ కణం స్తంభానికి అంటుకుంటుంది. అయితే గడ్డ నుంచి విడివడి వచ్చేటప్పుడు కొన్ని కణాలు ఆ ప్రోటీన్‌ను తగ్గించేసుకుంటాయి. అవి పూతకు చిక్కవు. సైజు, గట్టిదనం తేడాతో వేరుచేసే చిప్‌లూ వచ్చాయి గానీ, వాటిలో చిన్న క్యాన్సర్ కణాలు జారిపోతాయి, పెద్ద తెల్ల కణాలు వచ్చి కలుస్తాయి. పైగా తొలి దశలో గడ్డ ఉన్నా రక్తంలో ఒక్క కణమూ దొరక్కపోవచ్చు. రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, సున్నా రిపోర్ట్ చూసుకుని మామోగ్రామ్ వాయిదా వేయకండి, దయచేసి.

అపోహ: ఇక బయాప్సీ టెన్షన్ ఉండదు.

వాస్తవం: గడ్డ క్యాన్సరో కాదో, ఏ రకమో ఖాయం చేసేది ఇప్పటికీ సాధారణంగా బయాప్సీ, అంటే ముక్క పరీక్షే.

అపోహ: కౌంట్ తగ్గకపోతే వెంటనే మందు మార్చాలి.

వాస్తవం: ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న మహిళల్లో దీన్ని అమెరికాలో పరీక్షించి చూశారు. ఫలితాలు 2014లో వచ్చాయి. మొదటి విడత కీమో తర్వాత కౌంట్ తగ్గనివాళ్లకు జబ్బు నిజంగానే ఎక్కువ ప్రమాదకరంగా ఉంది, కౌంట్ చెప్పింది తప్పు కాదు. కానీ ముందుగా మందు మార్చినా ఆయుష్షు పెరగలేదు. మార్చి ఇచ్చింది కూడా మరో కీమో మందే.