విమానం ముందద్దం: అపోహలు, వాస్తవాలు, వారంటీ గొడవలు

బెంగళూరు హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టులో బిజినెస్ జెట్‌ల మెయింటెనెన్స్ చేసే ఏఎంఈని, అంటే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్ని నేను. వానలు మొదలైతే చాలు విండ్‌షీల్డ్ గురించి ఫోన్లు, అడిగేవాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా బాగానే ఉంటారు, ఆపరేషన్స్‌లో కొత్తగా చేరిన పిల్లలు, ఓనర్ తరఫున ఖర్చులు చూసేవాళ్ళు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నా.

అపోహ: కారు అద్దమే, కాకపోతే కాస్త మందం.

కాదండీ. చాలా జెట్‌లలో అది గట్టిపరిచిన గాజు పొరలు, వాటి మధ్య మెత్తటి ప్లాస్టిక్ పొర, ఇంకా కంటికి కనపడనంత పలచటి పూత ఒకటి, ఆ పూతలో కరెంటు పారితేనే అద్దం వేడెక్కేది. కొన్ని చిన్న జెట్‌లలో గాజు బదులు యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, దాని గుణం వేరు, దాని జబ్బులూ వేరే. పెద్ద విమానాల డిజైన్‌కి వర్తించే పార్ట్ 25 రూల్స్ ప్రకారం పైలట్ ఎదురుగా ఉన్న అద్దాన్ని 4 పౌండ్ల పక్షి, అంటే దాదాపు 1.8 కిలోలది, క్రూజ్ స్పీడులో గుద్దినా లోపలికి దూసుకు రాకూడదు. అంత పని చేసే వస్తువు అది.

అపోహ: మన చెన్నైలో మంచెక్కడిది, హీట్ ఆపి పెడితే అద్దం ఎక్కువ కాలం వస్తుంది.

ఈ మాట ఒక పెద్ద పైలట్ నోటే విన్నా, అందుకే గట్టిగా చెప్తున్నా. కింద చెన్నై ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాక్కంలో 38 డిగ్రీల్లో చెమటలు కారుతున్నా 41,000 అడుగులకు వెళ్ళేసరికి బయట మైనస్ 56 దగ్గర ఉంటుంది. హీట్ అనేది మంచు కరిగించడానికే కాదు, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పొర చలికి బిగుసుకుపోతే పక్షి దెబ్బను తట్టుకునే సాగే గుణం తగ్గిపోతుంది, పైగా అది ముడుచుకుంటూ అంచుల దగ్గర గాజును లాగి పెచ్చులు ఊడదీస్తుంది. ఎప్పుడు ఆన్ చేయాలో మీ ఫ్లైట్ మాన్యువల్లో ఉంటుంది, అదే చేయండి.

అపోహ: మూల దగ్గర చిన్న బుడగేగా, చూపుకు అడ్డం లేదుగా.

నాకు భయం వేసేది ఇక్కడే. అందరూ అద్దం మధ్యలో చూస్తారు, గీత ఉందా మసక ఉందా అని, కానీ అద్దం చెడిపోవడం చాలాసార్లు అంచు నుంచే మొదలవుతుంది. బయటి సీల్ ఎండకి పగులుతుంది, వానలోనూ, కడిగినప్పుడూ ఆ పగుల్లోంచి తడి లోపలికి పాకుతుంది, పొరలు విడిపోతాయి, బుడగలాగా తెల్లటి మరకలాగా కనిపిస్తుంది. పొర విడిపోవడం వరకైతే మాన్యువల్ ఇచ్చిన కొలతలోపు ఉన్నంత కాలం ఎగరొచ్చు. కానీ ఆ తడి కరెంటు వచ్చే తీగ దాకా, పూతకి కరెంటు అందించే లోహపు పట్టీ, అంటే బస్‌బార్ దాకా చేరిందంటే నిప్పురవ్వలు మొదలవుతాయి, ఒక్కచోటే వేడి పుట్టి గాజు పగులుతుంది.

2018 మే 14న చాంగ్‌చింగ్ నుంచి లాసా వెళ్తున్న సిచువాన్ ఎయిర్‌లైన్స్ ఎ319కి కుడివైపు విండ్‌షీల్డ్ గాల్లోనే ఊడిపోయింది, గాలి కోపైలట్‌ని సగం బయటికి లాగేసింది, అయినా చెంగ్డూలో దించారు, అందరూ బతికారు. దర్యాప్తులో తేలింది ఇదే, సీల్ దెబ్బతిని తడి చేరడం, తీగ ఇన్సులేషన్ పాడవడం, స్పార్క్, ఆ వేడికి గాజు పగలడం. అది పెద్ద విమానం కదా అంటారేమో, తడికి చిన్నా పెద్దా తేడా ఉండదు. పైలట్లు ఎప్పుడైనా అంచున కాలిన మరకో, మిణుకుమనే వెలుగో చూస్తే దిగాక చెప్దాంలే అనుకోవద్దు, చెక్‌లిస్ట్ తీయండి.

అపోహ: ఏ క్లీనర్ అయినా ఒకటే, అద్దం అద్దమేగా.

గాజుకు చెల్లినవి యాక్రిలిక్‌కి చెల్లవు. అమోనియా ఉన్న ఇంటి క్లీనర్, అసిటోన్, థిన్నర్ యాక్రిలిక్ మీద పడితే సాలెగూడు లాంటి సన్నటి పగుళ్ళు వస్తాయి, క్రేజింగ్ అంటాం. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక హ్యాంగర్‌లో మెరవాలని ఎవరో ఇంటి క్లీనర్ కొట్టారు, అద్దం ఆ రోజు తళతళలాడింది, నెలలు గడిచాక ఎండకి అడ్డంగా చూస్తే మొత్తం గీతలే, నాకు ఇప్పటికీ బాధ. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలాక పై గాల్లోకి చేరిన గంధకపు ఆమ్లం వల్ల కూడా యాక్రిలిక్ కిటికీల క్రేజింగ్ బాగా పెరిగింది. ముందు బోలెడు నీళ్ళు పోసి దుమ్ము పోగొట్టండి, ఉంగరాలు తీసేయండి, మెత్తటి బట్ట వాడండి. పొడిగా రుద్దొద్దు.

అపోహ: వారంటీ ఉంది కదా, కొత్తది ఫ్రీగా వస్తుంది.

చాలా విండ్‌షీల్డ్ వారంటీలు ప్రో రేటా పద్ధతిలో ఉంటాయి, అంటే వాడిన కాలానికి మీరు కట్టుకోవాలి. ఊహకి చెప్తా, 60 నెలల వారంటీ అనుకోండి, 45వ నెలలో పోతే మూడొంతులు మీదే, మిగతా పావే వాళ్ళది. లేబర్, షిప్పింగ్, కస్టమ్స్, సీల్ ఆరేదాకా విమానం ఆగిన నష్టం, ఇవి ఇస్తారా లేదా అన్నది పేపర్లో వెతికి చదవాలి. రాయి దెబ్బ, గీతలు, తప్పుడు కెమికల్ వల్ల వచ్చినవి సాధారణంగా బయటే. సెకండ్‌హ్యాండ్ విమానం కొన్నవాళ్ళైతే వారంటీ మీ పేరు మీదికి మారిందా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

ఒకసారి మాకు ఒక క్లెయిమ్ పోయింది. డీలామినేషన్, అంటే పొరలు విడిపోవడం నిజమే, కానీ పాత అద్దం విప్పే ముందు ఎవరూ ఫోటో తీయలేదు, బిగించినప్పుడు లాగ్‌బుక్‌లో రాసిన సీరియల్ నంబర్ తప్పు, పెట్టెలో సరిగా సర్దక వెనక్కి పంపేటప్పుడు మూల విరిగింది. తయారీ లోపమా రవాణా దెబ్బా అంటే ఏం చూపిస్తాం? ఓనర్ మనిషి నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు, అప్పటినుంచి అద్దం మీద పని మొదలయ్యేముందు ఫోటోలు నేనే తీస్తా.

ఇంకోటి, బిగించే పని. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫ్లైట్ 5390 ముందద్దం గాల్లోనే ఊడిపోయింది, 90 బోల్టుల్లో 84 కావాల్సిన సైజు కన్నా సన్నవి. పార్ట్ నంబర్ చూసే వేయాలి, పాతదానితో పోల్చి కాదు.

మీ విమానం అద్దం నాలుగు మూలలూ నెలకోసారి అదే కోణంలో ఫోటో తీయండి, పక్కన స్కేల్ పెట్టండి, తేదీ, ఫ్లయింగ్ గంటలు రాయండి. టార్చ్ పక్కనుంచి వాలుగా కొట్టండి, ఎదురుగా కొడితే చిన్న బుడగ కనపడదు.