చేపల మేతలో కొత్త ప్రొటీన్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫిష్ మీల్ (ఎండబెట్టి దంచిన చేపల పొడి) తగ్గించి సోయా, పురుగుల పొడి, ఈస్ట్ లాంటివి కలిపిన మేతల గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. మేత తయారీ, అరుగుదల పరీక్షలు నా పని. ఎక్కువగా వినే మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

అపోహ: ప్రొటీన్ శాతం సమానంగా ఉంటే ఏ మేతైనా ఒకటే.

వాస్తవం: సంచి మీద ఉండే ప్రొటీన్ శాతాన్ని నేరుగా కొలవరు. ల్యాబ్‌లో నైట్రోజన్ ఎంతుందో చూసి 6.25తో హెచ్చిస్తారు. మేత కోసం పెంచే బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగుల పైపొరలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. దానిలోనూ నైట్రోజన్ ఉంది కాబట్టి అదీ ప్రొటీన్ ఖాతాలోనే పడిపోతుంది. అందుకే ఈ పురుగులకు 4.76తో హెచ్చించడం నిజానికి దగ్గరని పరిశోధకులు చెప్పారు. పాత లెక్కలో 50 శాతం వచ్చిన పొడికి ఈ లెక్కన 38 శాతమే వస్తుంది.

అందులో ఎంత అరుగుతుందన్నది ఇంకో ప్రశ్న. మేతలో ఇట్రియం ఆక్సైడ్ లాంటి అరగని పదార్థాన్ని చిటికెడు కలిపి, మలంలో దానికీ ప్రొటీన్‌కీ ఉన్న నిష్పత్తి ఎంత మారిందో చూస్తాం. ఇక్కడే పొరపాట్లు ఎక్కువ. మలం నీళ్లలో నానితే అందులోని ప్రొటీన్ కరిగిపోతుంది, ఆ గుర్తు పదార్థం మాత్రం మిగిలిపోతుంది. ఆలస్యంగా ఏరితే నాసిరకం మేత కూడా బాగా అరిగినట్టు తేలుతుంది. ఎవరైనా అరుగుదల శాతం చూపిస్తే, మలం ఎలా సేకరించారో తప్పకుండా అడగండి.

అపోహ: సోయా చేపల పేగును పాడుచేస్తుంది.

వాస్తవం: ఏ చేప, ఏ రకం సోయా అన్నది చెప్పకుండా ఈ మాట అనకూడదు. సాల్మన్ విషయంలో భయం నిజమే. ఫిష్ మీల్ తిన్న సాల్మన్ పేగు చివరి భాగాన్ని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే లోపలి మడతలు సన్నగా, పొడుగ్గా, వేళ్లలా కనిపిస్తాయి. పైపొర కణాల్లో బుడగల్లాంటి చిన్న సంచులు వరసగా ఉంటాయి. మామూలు సోయా పిండి దండిగా తిన్న చేపలో ఆ మడతలు కురచబడి లావెక్కుతాయి, సంచులు మాయమవుతాయి, మడతల మధ్య తెల్ల రక్తకణాలు గుమిగూడతాయి. మొదటిసారి ఆ స్లైడ్ చూసినప్పుడు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ చేప పైకి చక్కగానే ఉంది. మంచి విషయం ఏమిటంటే, మళ్లీ ఫిష్ మీల్ మేతకు మారిస్తే దాదాపు 3 వారాల్లో పేగు కోలుకుంటుంది.

దీనికి ముఖ్య కారణం సోయాలో సహజంగా ఉండే సాపోనిన్లు అనే పదార్థాలు. అవి ఆల్కహాల్‌లో కరుగుతాయి. అలా కడిగి తీసిన సోయా ప్రొటీన్ కాన్సంట్రేట్ తింటే సాల్మన్‌లో ఈ పేగు వాపు రాదు. కాబట్టి తప్పు సోయా ప్రొటీన్‌ది కాదు. ఇక బంగారు తీగ అనే కామన్ కార్ప్‌లో వాపు మొదట్లో వచ్చినా, అదే మేత కొనసాగిస్తుండగానే కొన్ని వారాల్లో తగ్గడం కనిపించింది. సాల్మన్ ఫలితాలు చూసి కార్ప్ పెంచేవాళ్లు టెన్షన్ పడనక్కర్లేదు.

అపోహ: బాగా ఉడికిస్తే చెడు గుణాలన్నీ పోతాయి.

వాస్తవం: ప్రొటీన్ అరగకుండా అడ్డుపడే ట్రిప్సిన్ ఇన్హిబిటర్లు వేడికి పోతాయి. సాపోనిన్లు, ఫైటేట్ (ఫాస్ఫరస్‌ను బిగించి ఉంచే పదార్థం) పోవు. పైగా వేడి మితిమీరితే ప్రొటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో అతుక్కుపోయి చేపకు అందదు. సోయా చెక్క కొనేటప్పుడు పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ప్రొటీన్ ఎంత కరుగుతుందో చూపించే రిపోర్ట్ అడుగుతాను. 70 శాతం కంటే తక్కువ కరిగితే మాడిందని, 85 దాటితే సరిగా ఉడకలేదని అర్థం.

అపోహ: ఫైటేజ్ కలిపితే ఫాస్ఫరస్ సమస్య తీరినట్టే.

వాస్తవం: మొక్కల నుంచి వచ్చే పదార్థాల్లో ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్‌లో బిగిసి ఉంటుంది. దాన్ని విడదీసే ఎంజైమ్ ఫైటేజ్. మామూలుగా వాడే రకాలు ఆమ్లంలో బాగా పనిచేస్తాయి. తిలాపియాకు ఆమ్లం ఊరే పొట్ట ఉంది. శీలావతి, బొచ్చె, బంగారు తీగ లాంటి కార్ప్ జాతులకు అసలు పొట్టే లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. వాటికి మేత పదార్థాన్ని ముందుగానే ఫైటేజ్‌తో నానబెట్టడమో, సిట్రిక్ యాసిడ్ జోడించడమో మేలు. గుళికలు తయారయ్యే వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి, మేతలోనే వాడేట్టయితే గుళికలు చల్లారాక పైన స్ప్రే చేయాలి.

అపోహ: చేప ఎగబడి తింటోంది, అంటే అరుగుతోంది.

వాస్తవం: తినడం రుచికి సంబంధించింది. పలచగా, తాకగానే విడిపోయే మలం కనిపిస్తే నేను ముందు మేతలోని పీచును అనుమానిస్తాను. అది నీళ్లలో కలిసిపోయి నీటినీ పాడుచేస్తుంది.

అపోహ: కొత్త ప్రొటీన్ అంటే ఎంతోకొంత నష్టం భరించాల్సిందే.

వాస్తవం: నాకు బాగా నచ్చిన ఫలితం దీనికి జవాబు. మీథేన్‌తో పెంచిన బ్యాక్టీరియా పొడిని సోయా పిండి ఉన్న సాల్మన్ మేతలో కలిపి పరీక్షిస్తే, సోయా వల్ల రావాల్సిన పేగు వాపు రాలేదు. ఫిష్ మీల్‌కు బదులుగా వాడదామనుకున్న పదార్థమే పేగును కాపాడింది.